తక్కువ చెప్పిన తూకం

"ముక్కుల పైపు ఏపిస్త అత్తమ్మా. రేపే చేవెళ్లకు పోత. ఇగ నన్ను ఆపకుండ్రి."

"పైపా? నేను బతికుండంగ నా మనుమరాలికి పైపా? ఉగ్గుగిన్నె పట్టుడు చాతగాక పైపంటున్నవు."

"చాతగాకనా? రెండు గంటలకోపాలి పడుతున్న, పట్టినప్పుడల్ల గంటసేపు. అయినా పిల్ల పెరుగుతలేదు, నేనేం చెయ్యాలె?"

"పిల్ల మంచిగనే ఉన్నది. నీకే ఫికర్ ఎక్కువ."

"మంచిగ ఉంటే తూకం ఎందుకు పెరుగుతలేదు? చెప్పుండ్రి!"

ఈ మాటలు చిన్న మంగళారంల, మా ఇంట్ల, ఒక మధ్యాహ్నం నడిచినయి. నా కోడలు సరిత నా ముందల అట్ల నోరు లేపుడు అదే మొదలు. అప్పటికి నేను మా ఊరి అంగన్‌వాడీల ఇరవై ఆరేండ్ల నుంచి ఆయాగ చేస్తున్న. రిటైర్ కానీకె ఇంకొక్క ఏడాది ఉన్నది.

మా నందిని గ్రహణమొర్రితోని పుట్టింది. పై పెదవి చీలి ఉన్నది, లోపల అంగిలి సుత చీలి ఉన్నది. అట్లాంటి పిల్లలు రొమ్ము గుంజలేరు, తాగిన పాలు ముక్కులకెల్లి వస్తయి. తల్లి పాలు పిండి, పిల్లను నిలువుగ ఎత్తుకోని, ఉగ్గుగిన్నెతోని దవడ పక్కకెల్లి చుక్క చుక్క పొయ్యాలె. కడుపుతోని ఉన్నప్పుడు గ్రహణం చూసినవా అని ఆడోళ్లు సరితను అడగనీకె వచ్చిన్రు. గ్రహణం పట్టింది సూర్యునికి, మా పిల్లకు కాదు, ఇగ నడువుండ్రి అని ఎల్లగొట్టిన.

చేవెళ్ల దవాఖానకు నెలకోపాలి వచ్చే సర్జన్ సారు మూడు నెలలు నిండినంక పెదవి కుడుతమన్నడు. ఒక షరతు పెట్టిండు. పిల్ల ఐదు కిలోలు దాటాలె, లేకుంటే మత్తుమందు తట్టుకోదు. తూకం రాకపోతే ముక్కులకెల్లి కడుపుదాక సన్న పైపు ఏసి పాలు పోసి పెంచుడు, ఆపరేషన్ ఎనకకు జరుపుడు. సారు మళ్ల వచ్చేది రేపే. కొట్లాట అందుకే.

ఇక్కడ నా కొలువు సంగతి చెప్పాలె. అంగన్‌వాడీల రాత పని టీచర్‌ది, చేతి పని ఆయాది. ఊడ్చుడు, వండుడు, పిల్లలను ఇండ్లకెల్లి తోలుకొచ్చుడు, గుడ్లు పంచుడు, తూచుడు నాయి. రిజిస్టర్, కార్డు ఆమెవి. నేను మూడో తరగతి దాక చదివిన. చదవరాక కాదు, ఎవల పని వాళ్లదని ఏనాడు కార్డు ముట్టలే.

తూచే కాంటా దూలానికి వేలాడుతుండె. గడియారం లెక్క గుండ్రటి మొఖం, ఒకటే ముల్లు. పిల్లను గుడ్డ జోలెల పెడితే ముల్లు తిరుగుతది. టీచర్ ముల్లు చూసి కార్డుల చుక్క పెడ్తది. చుక్క ఆకుపచ్చ పట్టీల పడితే సరే. పసుపుల పడితే జాగ్రత్త. ఎరుపుల పడితే దవాఖాన.

దాంట్ల నాదొక పద్ధతి ఉండె. తూకం పైకి చెప్పేటప్పుడు ఎంతో కొంత తగ్గించి చెప్తుంటి. తల్లులందరు నిలబడి వింటుంటరు, ఒకరి పిల్ల మీద ఒకరి కన్ను పడుతది. దిష్టి తగులుతదని నిండు లెక్క నోటికెల్లి రానియ్యకపోతుంటి. టీచర్ నా మాట వినకుండ ముల్లు చూసే రాస్తుండె కాబట్టి ఏనాడు తప్పు రాలే. ఊరోళ్లకు సుత తెలుసు. "ఆయమ్మా, నీ మాట మీద ఎంత కలుపుకోవాలె?" అని నవ్వుతుండిరి.

సరిత తల్లిగారూరు కొండకల్. ఈ పద్ధతి ఆమెకు తెల్వది. నందిని పుట్టినప్పటి సంది మా టీచర్ కాన్పు సెలవుల ఉన్నది. ఇంకో ఊరి టీచర్ వారానికి రెండు రోజులు వస్తుండె. మా పిల్లను నేనే తూచి, నేనే చెప్పిన. టీచర్ వచ్చినంక మళ్ల తూచి రాసుకుంటదనుకున్న. ఇంట్ల పెట్టుకోనీకె చిన్న కాంటా కొందామని సరిత ఒకపాలి అడిగింది. సెంటర్ల ఉండంగ ఇంకోటెందుకు, పిల్ల పెరిగినంక దాని మీద ఉల్లిగడ్డలు తూచుతవా అన్న.

ఆ మధ్యాహ్నం సరిత లోపలికి పోయి కార్డు తెచ్చి నా ముందల పెట్టింది. "చూడుండ్రి. మీరు చెప్పిన లెక్కలే ఇవి."

మూడు కిలోల రెండు వందలు. మూడు కిలోల ఏడు వందలు. నాలుగు కిలోల రెండు వందలు. మూడు చుక్కలల్ల రెండు పసుపుల ఉన్నయి. చేతిరాత సరితది. ఆ అంకెలు గుర్తుపట్టిన. అవి ముల్లు చెప్పినవి కావు, నేను చెప్పినవి.

పిల్ల పాలకు ఏడుస్తుండె. నేను ఎత్తుకోని ఉగ్గుగిన్నె అందుకున్న. అప్పుడు చూసిన సరిత చేతులు. గిన్నె మరగబెట్టి మరగబెట్టి వేళ్లు ఎర్రగ పొక్కినయి. తల దువ్వుకోని ఎన్ని దినాలైందో. నందిని ఒక్కొక్క చుక్క మింగుకుంట నా మొఖం దిక్కే చూస్తున్నది. గిన్నె ఖాళీ అయినంక చెప్పిన.

"సరితా, నీ పాలల్ల లోటు లేదు. నేనే తక్కువ చెప్పిన."

"ఏందత్తమ్మా?"

"తూకం తక్కువ చెప్పిన. మొదటి నెల రెండు వందల గ్రాములు. రెండో నెల అరకిల. మొన్న ఎనిమిది వందలు. పిల్ల మూతి చూడనీకె వచ్చినోళ్లంత చుట్టు నిలబడిన్రు. మన పిల్ల కదా అని ఇంకింత తగ్గించిన."

ఆమె లెక్క కట్టుకున్నది. "అంటే మొన్న ఐదు ఉండెనా?"

"ఐదు దగ్గర ఉండె. ఇవతలనా అవతలనా సరిగ చూడలే. కడియాలు, గౌను సుత మీదనే ఉన్నయి."

"నా పాలల్ల బలం లేదని రోజు ఏడుస్తుంటి కదా. మీరు చూడలేదా?"

"చూసిన. బాలింత ఏడుపనుకున్న."

ఆమె పిల్లను నా చేతులకెల్లి తీసుకున్నది. "కాంటా మీద నా కండ్లతోని చూస్తెనే నమ్ముత. ఐదు లేకుంటే పైపు ఏపిస్త," అన్నది. సరే అన్న. పొద్దుగూకినంక జొన్నరొట్టెలు చేసి, గుడ్డు కూర వండి, ఆమె తినేదాక పక్కకెల్లి లేవలే. ఆకలైతలేదంటే ఊకునే మనిషిని కాను. మూడు రొట్టెలు తిన్నది.

ఆ కొలువుల నేను నేర్చింది ఇది. తూచినోళ్లే ముల్లు చూడాలె. చూసిందే చెప్పాలె. చెప్పింది ఎవరు రాస్తున్నరో, ఎట్ల రాస్తున్నరో సుత చూడాలె. రాత నాది కాదు అనుడు ఒద్దిక అనుకున్న, అది బాధ్యత తప్పించుకునుడే. ఆ తర్వాత రిటైర్ అయ్యేదాక ప్రతి పిల్ల తూకం నిండుగనే చెప్పిన. దిష్టికి ఇంట్ల ఉప్పు తిప్పి పోసుకోమన్న.

తెల్లారి నా కొడుకు శ్రీశైలం ఆటోల చేవెళ్ల పోయినం. దవాఖానల కరెంటు కాంటా, మీద అంకెలు వెలుగుతయి. నేను పిల్ల గౌను తీసిన. కడియాలు తీసిన. పుట్టిన ఇరవై ఒకటో దినం కట్టి అప్పటిదాక తియ్యని మొలతాడు సుత ఇప్పి కొంగుల ముడేసుకున్న. కాంటా చల్లగ తగిలి నందిని కాళ్లు తన్నుకున్నది. అంకె నిలబడేదాక ఆగమన్నది నర్సమ్మ. సరిత నా కొంగు పట్టుకున్నది. పట్టుకున్నట్టు ఆమెకు తెల్వదనుకుంట.

అంకె నిలబడ్డది. "ఎంతమ్మా?" అని మా ఎనక వరుసల ఎవరో అడిగిన్రు.

"ఐదు కిలోల అరవై గ్రాములు," అన్న, అందరికి వినపడేటట్టు.

సర్జన్ సారు చూసి వచ్చే బేస్తారం ఆపరేషన్‌కు రమ్మన్నడు. సరిత పిల్లను పట్టుకుంటే నేను మొలతాడు మళ్ల కట్టిన. ఆమె బల్ల మీద కార్డు పెట్టి చుక్క పెట్టింది. పెన్ను మూసేముందు కార్డు నా దిక్కు తిప్పింది. నేను చేతిల పట్టుకోని చూసిన. సరిగనే రాసింది.