రెండే సీట్ల బండి

మొన్న బోధన్ రోడ్డు మీద పెట్రోలు బంకులో మా కారు ఆగింది. పక్కనే బెల్లం ముద్దలు నింపుకున్న లారీ ఒకటి నిలబడి ఉంది. ఎండకు బెల్లం మెత్తబడి ఘాటుగా వాసన కొడుతోంది. అద్దం దించగానే పెట్రోలు వాసనా బెల్లం వాసనా కలిసి ఒక్కసారి ముక్కుకు తగిలాయి. నా కళ్లు చెమర్చడం చూసి మనవరాలు "ఏమైంది నానమ్మా, వాసన పడుతలేదా?" అంది. ఏమని చెప్పను? ఆ రెండు వాసనలు కలిస్తే నాకు మా అత్తమ్మ వచ్చి పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఆమె నాకు అర్థం కాకపోవడం మాత్రం ఇప్పటికీ పోలేదు.

ఆమె పేరు సాయవ్వ. నేను నిజామాబాద్ పట్నంలో పదో తరగతి చదివి, ఆ చదువు తలకెక్కిన పిల్లగా ఆమె ఇంటికి కోడలినై వచ్చాను. బోధన్ దగ్గర ఊరు, చుట్టూ చెరకు. అరవైల చివరి మాట ఇది. కాపురానికి వచ్చిన మర్నాడు పశువుల కొట్టంలోకి వెళితే, ఎద్దుల పక్కన చెరకు ఆకుల కింద ఏదో ఎర్రగా కనిపించింది. ఆకులు తీసి చూద్దును కదా, కారు! పొట్టిది, పైకప్పు లేనిది, రెండే రెండు సీట్లది. ఒక సీటులో కోడి పొదుగుతోంది.

చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసిన ఒక తెల్లదొర, స్వదేశం పోతూ పోతూ స్నేహం కొద్దీ దాన్ని మా మామకు ఇచ్చిపోయాడట. బంగళా నుంచి క్లబ్బుకు, క్లబ్బు నుంచి బంగళాకు తప్ప అది ఎక్కడికీ తిరిగింది లేదు. మీటరులో అంకెలు కదిలీ కదలనట్టే ఉన్నాయి. అట్లాంటి కొత్త బండి నిలబడి నిలబడి తుప్పు పట్టింది. మామ దాని మొహం చూసేవాడు కాదు. మా బావ గంగారాం, అంటే అత్తమ్మ పెద్దకొడుకు, దాన్ని చూసినప్పుడల్లా రంపం అడిగేవాడు.

"రెండు సీట్ల బండి మనింట్ల ఎవనికి పనికొస్తదే అవ్వా? ఎన్క రేకు కోసి బల్ల ఏస్తే ఇంటిల్లిపాది కూసోవచ్చు."

"కోసుడు లేదు. గది గట్లనే ఉండాలె," అనేది అత్తమ్మ.

"ఎందుకే?"

"ఎందుకో నాకెరుకనా? గట్లనే ఉండాలె, అంతే."

నాకు నవ్వూ వచ్చేది, భయమూ వేసేది. ఎందుకో తెలియకుండానే ఒక మనిషి అంత గట్టిగా ఎట్లా నిలబడుతుంది? చివరికి మామ విసిగిపోయి తీర్పు చెప్పాడు. "దసరా నాడు పూజ చేసినంక జమ్మి దాక నడిస్తే గట్లనే ఉంచుదాం. నడువకపోతే గంగారాం కోసుకుంటడు. ఇగ లొల్లి బంజెయ్యుండ్రి."

ఆ వానాకాలమంతా ఇంటిల్లిపాదీ ఆ బండి చుట్టే తిరిగాం. ఇంజను మా ఆయన విప్పాడు, బావ బిగించాడు. కోయాలన్న మనిషే బోల్టులన్నీ కిరసనాయిలులో నానబెట్టి తుడిచేవాడు, అదేమి విడ్డూరమో. తుప్పు గీకడం అత్తమ్మదీ నాదీ. పైకప్పుకు బెల్లం కుప్పల మీద కప్పే తార్పాలిన్ కుట్టాం. సీట్లలో కొత్త పత్తి కూరాం. ఎర్రరంగు వెలిసిపోయిందని, అత్తమ్మ పట్టుబట్టి పసుపురంగు వేయించింది. పసుపుకొమ్ములు ఎండబెట్టిన కళ్లంలాగా మెరిసిపోయింది బండి.

పనిచేస్తూ ఆమె మనసు కనిపెట్టాలని నేను పడని పాటు లేదు. ఎడ్లబండిలో మామ ఎప్పుడూ ముందు కూర్చునేవాడు, ఆమె వెనక, ఒడినిండా పిల్లలతో, మూటలతో. అదేమోననుకుని ఒకరోజు అడిగేశాను.

"మామను పక్కకు కూసోబెట్టుకొని పోదామనా అత్తమ్మా?"

ఆమె గీకుడు ఆపి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "ఆయన పక్కకా? ఆ సుట్ట పొగ నాకెందుకే పిల్లా!"

పోనీ కొడుకూ కోడలూ షికారు పోవాలని ముచ్చటపడుతోందేమో అనుకున్నాను. సిగ్గుపడుతూ ఆ మాటా అన్నాను. "మీకు సైకిలున్నది గద," అని మళ్లీ గీకుడులో పడిపోయింది. పైగా ఒక సాయంత్రం మా ఆయన్ని పిలిచి, "సుశీలకు బండి నడుపుడు నేర్పియ్యి," అని హుకుం జారీచేసింది. ఎందుకని ఆయన అడగలేదు, నేనూ అడగలేదు. ఇంజనుకు సీసాతో ఇంత పెట్రోలు పట్టించి, వాకిట్లో ముందుకూ వెనక్కూ నడపడం నేర్చుకున్నాను. కోళ్లు ఇంటిపైకెక్కి కూర్చునేవి.

దసరా దగ్గరపడ్డాక ట్యాంకు నింపితే తేలింది, అడుగున సన్నని చిల్లి. పట్నం మేస్త్రి పండుగ వెళ్లాక గాని రానన్నాడు. బావ రంపం తెచ్చి గోడకు ఆనించాడు. మా ఇంట్లో ఏది కారినా ఒకటే మందు. నీళ్ల గోలెం కారినా, తొట్టి కారినా, సున్నమూ బెల్లమూ కలిపి నూరి పెట్టడమే. అత్తమ్మ అదే చేసింది. నేను కిసుక్కున నవ్వాను. కానీ పెట్రోలుకు బెల్లం కరగలేదు! చుక్క కారకుండా రాయిలాగా గట్టిపడింది. ఇంజను దడదడలాడుతూ మళ్లీ లేచింది. మా ఆయన సంబరంతో కేకలు పెట్టాడు. మర్నాటికి గోడ మీదుగా, టైరు మీదుగా బారులు తీరిన చీమలు ట్యాంకు కింద జాతర పెట్టాయి. వాటిని చూసి మామ కూడా నవ్వాడు.

పండుగ పొద్దున అత్తమ్మ కొత్తచీర కట్టుకుని, ఎద్దులను కడిగిన చేత్తోనే బండినీ కడగడం మొదలుపెట్టింది. తానం చేయనిదే పూజ ఏమిటని ఆమె మాట. పైనా కిందా బిందెలకు బిందెలు కుమ్మరించింది. పెట్రోలుకు లొంగని బెల్లం నీళ్లకు లొంగుతుందని ఏ ఒక్కరికీ తట్టలేదు. పసుపు, కుంకుమ, బంతిపూల దండ అన్నీ అయ్యాయి. మామ కర్పూరం వెలిగించి పళ్లెం ఎత్తాడు. అప్పుడు గుప్పుమంది ఆ వాసన, పెట్రోలూ బెల్లమూ కలిసి.

"హారతి అవుతలికి! అవుతలికి తీస్కపో!" అని అరుస్తూ అత్తమ్మ బండి కిందికి దూరింది. మామ పళ్లెంతో సహా బావి దాకా పరుగెత్తాడు. కిందికి వంగి చూస్తే ఆమె బురదలో వెల్లకిలా పడుకుని, బొటనవేలుతో చిల్లి మూసి ఉంది. మోచేతి మీదుగా పెట్రోలు కారి కొత్తచీరలో ఇంకుతోంది.

"ఇగ అయిపోయింది అవ్వా. నడువలే," అన్నాడు బావ.

"సురువే చెయ్యలే, నడువలేదని ఎట్లంటవ్ రా? సుశీలా, బెల్లం దే!"

తడి తుడిచి మళ్లీ అంటించి, అది బిగిసేదాకా కాచుకున్నాం. ఊరంతా జమ్మికి పోయి తిరిగి వస్తున్న వేళకు ఇంజను పలికింది. మా ఆయన తలుపు మీద చెయ్యి వేశాడు. అత్తమ్మ ఆ చెయ్యి తీసేసి నన్ను చూసింది. "నువ్వెక్కు," అంది. తాను పక్కసీటులో కూర్చుంది. మామా బావా, ఊరి జనమూ నోళ్లు తెరిచి చూస్తుండగా, బండి కదిలించాను.

జమ్మి దగ్గర దిగి ఆకు తెంపుకున్నాం. గెలిచామని నేను ఉబ్బిపోతున్నాను. వెనక్కి తిప్పబోతే, "ఇంకింత దూరం పో," అంది.

"ఏడికి అత్తమ్మా?"

"నాకెర్కలేదు. పో."

రెండు పక్కలా చెరకు, మధ్యన మట్టిదారి. కొంతదూరం పోయాక ఆమె వెనక్కి తిరిగి చూసింది. వెనక సీటు లేదు, మనిషి లేడు. తర్వాత తన ఒడిలోకి చూసుకుంది. రెండు చేతులూ ఒడిలోంచి తీసి పక్కన పెట్టింది.

"నా ఒడిల ఏం లేదే పిల్లా," అంది.

నేను బండి నెమ్మది చేశాను. బియ్యంతో, ఎండుకొబ్బరి కుడుకలతో ఒడి నింపి దీవించే ఇళ్లు మావి. పండుగపూట పుణ్యస్త్రీ అనే మాటేనా అది? ఏడుస్తోందేమోనని చూశాను. గాలికి నెరిసిన జుట్టు ఎగురుతోంది, ముఖం మాత్రం వింత చూస్తున్న పసిపిల్ల ముఖం. నవ్వుతోందో, కళ్లలో దుమ్ము పడిందో తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె బావతో, "ఇగ కోసుకో రా," అంది. అంత కొట్లాడి, బురదలో పొర్లి, చివరికి ఇదా! నాకు మతిపోయింది, ఆమె మీద ఒళ్లుమండే కోపమూ వచ్చింది. బావ రంపం పట్టుకుని బండి చుట్టూ చాలాసేపు తిరిగాడు. తుడిచిన బోల్టులను చూశాడో, పసుపురంగును చూశాడో, రంపం తీసుకెళ్లి కొట్టంలో పడేశాడు. ఆ బండిని ఎవ్వరూ కోయలేదు. ఆమె మళ్లీ ఎక్కనూ లేదు. ఎక్కమంటే "ఎక్కిన గద," అనేది.

బంకు నుంచి బయలుదేరాక మనవరాలు నిద్రమత్తులో నా ఒడిలో తలపెట్టబోయింది. ప్రాణంలో ప్రాణం ఆ పిల్ల. అయినా ఎందుకో తెలియదు, "ఒక్క నిమిషం ఆగవే బిడ్డా," అన్నాను. రెండు చేతులూ తీసి పక్కన పెట్టి, ఖాళీ ఒడిని చూసుకుంటూ చెరకుతోటలు దాటేదాకా అట్లాగే కూర్చున్నాను.