యూ టీలో మా బ్లాకు కింద తిండి సంత

సింగపూర్‌లోని రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకు కంప్యూటర్ విభాగంలో నేను ప్రోగ్రామర్‌గా చేరాను. మాలాంటివాళ్ళను కంపెనీలు వెతికి మరీ పిలుచుకుంటున్న రోజులవి. మా ఆఫీసువాళ్ళు ఏటా ఒక ఆదివారం ఏదైనా మంచిపనికి చందాలు పోగుచేసేవారు. ఆ ఏడు ఆ పని నాకు అప్పగించారు.

ఎవరికోసం చేయాలో అకౌంట్స్‌లో ఉండే ఆంటీ చెప్పింది. ఆవిడ మలేషియాలో పుట్టి పెరిగిన తెలుగావిడ. వారంవారం గుడిలో భోజనాలు వడ్డించేది. అక్కడికి వచ్చే కుర్రాళ్ళ ద్వారా ఒకతని సంగతి తెలిసిందట. శ్రీకాకుళం వైపు మనిషి, నలభై దాటాయి, తువాస్‌లో ఓడలు బాగుచేసే చోట పని. ఇనుప పలక మీద పడి కాలు నలిగితే మోకాలి కింద తీసేశారు. ఆసుపత్రి ఖర్చు కంపెనీ పెట్టుకుంది గాని కొత్త కాలు సంగతి తేలలేదు.

"ఆ పనిలో కాలుంటేనే అన్నం లా. మనమే చూద్దాం" అంది ఆంటీ, అక్కడి అలవాటుగా మాటకు 'లా' తగిలిస్తూ.

మా మేనేజరు చైనీస్ ఆయన. మనిషి ఫోటో లేని పోస్టరును ఎవరూ చూడరన్నాడు. ఆ ఫోటో అడగడానికి నేనూ ఆంటీ తువాస్‌లో వాళ్ళుండే డార్మిటరీకి వెళ్ళాం. అతను మంచం మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవబోయి ఆగిపోయాడు. కుర్చీలు తెమ్మని పక్కవాళ్ళకు చెప్పాడు. విషయం చెబితే చాలాసేపు తలవంచుకుని విన్నాడు.

"బొమ్మ మాత్రం వొద్దమ్మా. కాలు పోయిందని మాయావిడికి ఇంకా సెప్పలేదు. ఇక్కడ మా ఊరోళ్ళు శానామందున్నారు. ఆళ్ళ నోటమ్మట ఇంటే తట్టుకోలేదు."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాకు దిగులేసింది. మేనేజరుకు ఏం చెప్పాలి? ఆంటీ మాత్రం కిటికీలోంచి చూస్తూ, "ఫోటో లేకపోతే ఏమమ్మా? కడుపునిండా మకాన్ పెడదాం, మంచి తిండి. తిన్నవాళ్ళు ఊరికే పోరు" అంది.

మరునాడు మేనేజరుకు సంగతీ, తిండి సంత ఆలోచనా చెప్పాను. సరే, ఫోటో వద్దు, పుల్లలకు గుచ్చిన మాంసం, సాతే, నేను కాలుస్తానన్నాడు.

యూ టీ పేటలో నేనుండే ఫ్లాట్ల బ్లాకు కింద ఖాళీ జాగాలో బల్లలు వేశాం. పోస్టరు మీద పెద్ద అక్షరాలతో 'గాయపడిన ఒక కార్మికుడి కోసం' అని మాత్రం రాశాం. ఆంటీ పులిహోర, గారెలు చేయించింది. మేనేజరు పొగలో కళ్ళు తుడుచుకుంటూ సాతే కాల్చాడు. మా ఆఫీసులో కొత్తగా చేరిన ఒక చైనీస్ అమ్మాయి డబ్బా పట్టుకుని బల్లబల్లకూ తిరిగింది. డబ్బా ఎత్తి అడగడానికి మొదట సిగ్గుపడింది గాని, మధ్యాహ్నానికి ఆ పిల్లకు మాటలు బాగా వచ్చేశాయి.

అప్పుడే తువాస్ నుంచి లారీలో కొంతమంది వచ్చారు. వాళ్ళ మధ్య అతనూ ఉన్నాడు. వస్తాడని మాకెవరికీ తెలియదు. తోటివాళ్ళు అతన్ని స్తంభం పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టి, చంకకర్రలు స్తంభం వెనక ఆనించారు. నేను గారెలు వడ్డిస్తున్నదాన్ని, ఆ జనంలోంచి బయటపడేలోపే ఆ అమ్మాయి అతని ముందుకు వెళ్ళి నిలబడింది. పాపం, ఒక కార్మికుడికి కాలు పోయింది, తోచినంత వేయండి అని ఇంగ్లీషులో వినయంగా అడుగుతోంది. అతను జేబులోంచి నోటు తీసి, మడిచి, డబ్బాలో వేశాడు. ఆ పిల్ల థాంక్యూ చెప్పి పక్క బల్లకు వెళ్ళిపోయింది.

నేను పరుగున వెళ్ళాను. "అన్నయ్యా, మీరెందుకు వేశారు? నేను తీసి ఇప్పిస్తాను" అన్నాను.

"వొద్దమ్మా. అందరూ తిని ఇస్తన్నారు. నానొక్కడినే ఉత్తినే తిని ఎల్లిపోతానా?" అని, నా మొహం చూసి నవ్వాడు. "ఆ పిల్లకి సెప్పకండి. శానా సంతోషంగా తిరుగుతంది."

నేను చెప్పలేదు. సాయంత్రం దాకా ఆ అమ్మాయి డబ్బా ఊపుకుంటూ తిరుగుతుంటే నాకు నవ్వు వచ్చింది. పులిహోర గిన్నెలు మాత్రం ఖాళీ అయ్యాయి. కాలు పెట్టించడానికి సరిపడా చేరిందని ఆంటీ చెప్పాక గాని నా మనసు కుదుటపడలేదు.

కొన్ని నెలలకు, ఇంటికి వెళ్ళే ముందు, అతను మా ఆఫీసుకు వచ్చాడు. ఇస్త్రీ ప్యాంటు, కొత్త బూట్లు. నడకలో కొంచెం తడబాటు ఉంది. ఇంట్లో చెప్పారా అని ఆంటీ అడిగింది. "సెప్పినానమ్మా. ఏడ్సింది. తర్వాత, మనిషివి ఇంటికి రా, అదే సాలంది" అన్నాడు.

మన తిండి సంత ఈయన కోసమేనంటూ మేనేజరు అతన్ని అందరికీ పరిచయం చేశాడు. ఆ అమ్మాయి అతన్ని గుర్తుపట్టింది. మొహం ఎర్రబడిపోయింది. నా వైపు తిరిగి, నీకు ముందే తెలుసా అని అడిగింది. తెలుసన్నాను. ఆమె నేరుగా అతని దగ్గరకు వెళ్ళి, "అంకుల్, వై యూ నెవర్ టెల్ మీ లా?" అంది.

అతను తనకు వచ్చిన ఇంగ్లీషు కూడదీసుకున్నాడు. "యూ ఆస్కింగ్ వెరీ నైస్."

ఆ పిల్లకు కళ్ళు నిండాయి, అయినా నవ్వింది. ఆ పూట మేమంతా తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌కు భోజనానికి వెళ్ళాం. అతను ఎవరి చేయీ పట్టుకోనన్నాడు. మధ్యాహ్నపు రద్దీలో ఆఫీసు జనమంతా మమ్మల్ని దాటి విసవిసా వెళ్ళిపోతుంటే, ఆ అమ్మాయి అతనితో సమంగా, మెల్లగా, ఏదో చెబుతూ నడిచింది.