అవ్వ అననివ్వని మాట

సాయంత్రం మా పాప ఇంగ్లీషు పాఠం వల్లె వేస్తోంది: బ్రోకెన్, డ్యామేజ్డ్, రూయిన్డ్. నాకు తమిళనాట సింగానల్లూరులోని మా పాత ఇల్లు గుర్తొచ్చింది.

మీ ఇళ్లలోనూ ఉండేదా ఈ పట్టింపు? గ్లాసు పగిలినా మా అవ్వ 'పగిలింది' అననిచ్చేది కాదు. అంటే ఇంటికే తగులుతుందట. తెలుగులోనూ అనకూడదు, తమిళంలోనూ అనకూడదు.

"ఇంగ్లీసులో చెప్పు కన్నూ. మన సామికి అది తెలీదు" అనేది.

అందుకే మా ఇంట్లో పగిలినవీ విరిగినవీ అన్నీ 'డ్యామేజే'.

తను పనిచేసే మిల్లు మూసేసిన రోజు నాయన మధ్యాహ్నమే వచ్చి గడపలో కూలబడ్డాడు.

"అంతా పాడైపోయె అమ్మా" అన్నాడు.

అవ్వ కొడుకును కోప్పడలేదు. లేచి వెళ్లి సామి అలమర తలుపులు మూసింది. కానీ మాట అప్పటికే ఇంట్లోకి వచ్చేసింది.

"ఈ రూయిన్డ్‌ని మన బాసలో ఏమంటారు అమ్మా?" పుస్తకంలోంచి తలెత్తి పాప అడిగింది.

జవాబు చెప్పేలోపే నా చెయ్యి సామి అలమర తలుపు మీద ఉంది.