అత్తగారి బావిలో సుందరరాజులు నిధివేట

నీళ్ల అడుగున ఉన్న బంగారాన్ని పసిగట్టే యంత్రాన్ని ప్రపంచంలో మొట్టమొదట కనిపెట్టినవాడు తిరువళ్లూరు బజారు వీధిలో రేడియోలు బాగుచేసే మా సుందరరాజులు బావ. ఈ సంగతి ఏ శాస్త్రవేత్తకూ తెలియదు. మేం చెప్పలేదు కాబట్టి.

సరే, కనిపెట్టాడనడం కాస్త ఎక్కువేమో. నేలలో పాతిన మందుపాతర్లు వెతకడానికి యుద్ధంలో ఎవరో తెల్లవాళ్లు దాన్ని తయారు చేశారు. యుద్ధం ముగిశాక పాత మిలిటరీ సామాన్లతో కలిసి అది మద్రాసు చేరింది. బావ దానికి సైకిలు ట్యూబు తొడిగాడు. ఆ ట్యూబు మాత్రం పూర్తిగా ఆయన సొంత ఆలోచన. అబద్ధం చెబితే నాలుక నల్లబడుతుందని మా కాన్వెంటు సిస్టర్లు అనేవారు. ఇది రాయబోయే ముందు అద్దంలో చూసుకున్నాను. కొసమీద ఒక మచ్చ ఉంది గానీ అది నేరేడు పండుది.

బావ మా మేనత్త కొడుకు. పుట్టింది వెంగల్ అనే పల్లెలో, వరి తప్ప ఇంకేమీ ఎరగని ఇంట్లో. పన్నెండో ఏట పిట్టలు తోలమని పొలానికి పంపితే, మంచెమీద కూర్చుని తీగ లాగి నాలుగు మూలలా డబ్బాలు మోగించాడట. పిట్టలు పోయాయి, పక్క పొలం ఎద్దులు కూడా పోయాయి. అప్పుడే వాళ్ల నాయన వీడు సేద్యానికి పనికిరాడని తేల్చేశాడు. పెద్దయ్యాక తిరువళ్లూరులో రేడియోల కొట్టు పెట్టాడు. అందరూ చెవిమీద బీడీ పెట్టుకుంటే ఆయన స్క్రూడ్రైవరు పెట్టుకునేవాడు. బ్యాటరీలో పస ఉందో లేదో నాలుక ఆనించి చూసేవాడు. ఆ అలవాటు ముదిరి, భోజనంలో చారు తాగి కూడా "ఒకటిన్నర వోల్టు" అనేవాడు.

యాభై ఆరులో ఆయనకు తిరుత్తణి అమ్మాయి ఇంద్రాణితో పెళ్లయింది. తిరుత్తణి అప్పుడు ఆంధ్రలో ఉండేది, తిరువళ్లూరు మద్రాసు రాష్ట్రంలో. అత్తగారింటికి పోవాలంటే బావ రైల్లో ఇంకో రాష్ట్రానికి పోవాలి. మామ అరుణాచలం వేరుశెనగ, చెరకు పండించే ఆసామి. గవర్నమెంటు ఉద్యోగస్తుణ్ణి అల్లుడిగా తెచ్చుకోవాలని ఆయన కోరిక. స్క్రూడ్రైవరు పెట్టుకున్న చెవిని చూసినప్పుడల్లా ఆయన మీసం ఒకవైపు కిందికి జారేది. అత్త కృష్ణమ్మ మాత్రం పెళ్లిలో తన తండ్రి పెట్టుకునే పచ్చరాయి ఉంగరం తీసి అల్లుడి వేలికి తొడిగింది.

మా ఇళ్లల్లో నెలల లెక్క తమిళులది, నియమాలు తెలుగువాళ్లవి. ఆడి నెల, అంటే ఆషాఢం, వస్తే కొత్త పెళ్లికూతురు పుట్టింటికి పోవాలి. ఆ నెలంతా అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. ఆ తరువాతి నెల ఆవణి, దాని ఒకటో తేదీన అల్లుడు వస్తే మామ అతని కుడిచేయి పట్టుకొని కూతురి చేయి అందులో పెట్టి పంపుతాడు. ఆడి రాకముందే బావ ఇంద్రాణిని తిరుత్తణిలో దిగబెట్టి, వచ్చే ముందు మామ తోట బావిలో ఒళ్లంతా సబ్బు రుద్దుకొని స్నానం చేశాడు. గట్టెక్కి చూసుకుంటే వేలికి ఉంగరం లేదు.

ఎవరితోనూ చెప్పలేక స్టేషనులో ఇంద్రాణి చెవిలో మాత్రం చెప్పి రైలెక్కేశాడు. పది రోజులకు ఆమె నుంచి కార్డు వచ్చింది. మాటలు తెలుగు, అక్షరాలు అరవం. వాళ్ల నాయన తెలుగు తప్ప చదవలేడు, వాళ్లమ్మ ఏదీ చదవలేదు, అందుకని. బావ దాన్ని నాకు చదివి వినిపించాడు. అమ్మ రోజూ ఉంగరం మాటే ఎత్తుతోంది, అది పోతే అల్లుడే పోయినట్టంట, ఆవణి ఒకటిన మీ వేలు బోసిగా కనిపిస్తే నన్ను పంపరు, నేను ఇక్కడే వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ ఉండిపోవాలి అని రాసింది.

బావ ఆ రోజు చారు వోల్టు చూడలేదు.

బావిలో మనిషిని దింపి వెతికిద్దామంటే సంగతి బయటపడుతుంది. పాతాళగరిగె వేద్దామంటే ఆ కొక్కేలకు బిందె తగులుకుంటుంది గానీ ఉంగరం తగులుకోదు. మూడు రోజులు ఆలోచించి బావ మద్రాసు వెళ్లి ఆ యంత్రంతో దిగాడు. పొడుగాటి కర్ర, కర్ర కొసన పళ్లెం లాంటి చెక్క, దాని లోపల తీగచుట్టలు, వాటి నుంచి ఒక వైరు, వైరు చివర బ్యాటరీలూ వాల్వులూ ఉన్న పెట్టె, పెట్టెకు హెడ్‌ఫోన్లు. పళ్లెం కింద లోహం ఉంటే చెవిలో కీచుమంటుంది, అంతే.

కానీ అది పొడినేల సరుకు. నీళ్లలో దింపాలంటే పళ్లెంలోకి చుక్క కూడా పోకూడదు. బావ సైకిలు ట్యూబులు కోసి, సొల్యూషను పూసి, పళ్లానికి చర్మంలా అతికించాడు. వైరు దూరిన చోట మైనం కరిగించి పోశాడు. పెట్టె గట్టుమీదే ఉండిపోయేలా వైరుకు ముప్పై అడుగుల అతుకు వేశాడు. ఇంట్లోని పెద్ద ఇత్తడి అండాలో నీళ్లు నింపి పరీక్ష పెడితే యంత్రం చెవులు చిల్లులు పడేలా కీచుమంది. యంత్రం పాడైందని విప్పి, బిగించి, మళ్లీ విప్పి, సాయంత్రానికి అండా ఇత్తడిదని గుర్తుకు తెచ్చుకున్నాడు. ఆ తరువాత పరీక్షలన్నీ గేదె కుడితి తొట్టిలో. పంక్చరు వేసేవాళ్లలాగే పళ్లెం ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూసేవాడు. ఏడోసారికి బుడగలు ఆగాయి. గేదె మాత్రం వారం రోజులు ఆ తొట్టి ముట్టలేదు.

ఇక మామకు ఏం చెప్పాలి? మీ బావిలో పూర్వం ఎవరో పాళెగాడు నగలు వేసినట్టు ఒక ముసలాయన చెప్పాడని, యంత్రంతో వెతికి పెడతానని ఉత్తరం రాశాడు. మరుసటి టపాలోనే జవాబు వచ్చింది. బయలుదేరమని.

నేను అప్పుడు తాలూకా ఆఫీసులో గుమాస్తాను. ఆదివారం ఇద్దరం రైలెక్కాం. పెట్టె స్విచ్చి ఆపడం మరిచాం. తిరువాలంగాడులో ఒకామె ఇత్తడి సామాన్ల గంపతో ఎక్కేసరికి నా ఒళ్లోని హెడ్‌ఫోన్లు ఏడుపు అందుకున్నాయి. ఆమె గంప ఎత్తుకొని పక్క పెట్టెలోకి పోయింది.

తిరుత్తణిలో మొదటి చిక్కు గడప. ఆడి నెలలో అల్లుడు రావచ్చా? కృష్ణమ్మ బాగా ఆలోచించి, తోటకు గడప లేదు గనక రావచ్చునని, తను మాత్రం అల్లుణ్ణి ఎదురుగా చూడకూడదని తేల్చింది. అందుకని ఆ రోజంతా ఆమె కొబ్బరిచెట్టు వెనక నిలబడి, ఎదురుగా కాకుండా ఓరగా చూసింది. ఇంద్రాణి ఆమె పక్కనే నిలబడింది. నిధి మాట విని వీధంతా బావి గట్టుకు చేరింది.

నీళ్లు మెడలోతు ఉన్నాయి. పెట్టె గట్టు దగ్గరి పైమెట్టుమీద పెట్టి, నేను హెడ్‌ఫోన్లు తగిలించుకొని, కర్ర చాచి పళ్లెం నీళ్లలో ముంచి, చెవిలో చప్పుడు పూర్తిగా అణిగేదాకా మర తిప్పాను. నిశ్శబ్దం. బావ గడియారం, తాళంచెవులు, చొక్కా అన్నీ తీసేసి, గోచితో నీళ్లలో దిగి కర్ర అందుకున్నాడు. కీచుమంది. రెండడుగులు జరిగాడు. కీచుమంది. బావి నాలుగు మూలలా తిరిగాడు. నాలుగు మూలలా కీచుమంది.

గట్టుమీది ఆడవాళ్ల మెట్టెల వల్ల కావచ్చునని బావ అన్నాడు. అరుణాచలం మెట్టెలున్న వాళ్లందరినీ పొమ్మన్నాడు. మా కాళ్ల వెండి చూసి ఏడుస్తున్నారని తిట్టుకుంటూ వాళ్లు పోయారు. అయినా కీచు ఆగలేదు. అరుణాచలం నా చెవి నుంచి ఒక హెడ్‌ఫోను లాక్కొని విన్నాడు. ఆయన మీసం, నేనెరిగి మొదటిసారి, రెండు వైపులా పైకి లేచింది.

"అడుగంతా బంగారమే ఉండాది రా అబ్బా" అన్నాడు నాతో. "గవర్నమెంటు ఉద్యోగం యాడ, మా అల్లుడు యాడ."

నీళ్లలో బావ ముఖం పాలిపోయింది. బావి నిండా బంగారమైతే ఉంగరం ఎక్కడని వెతకడం?

మజ్జిగ తాగడానికి మెట్టెక్కి, కర్రను నడుముకు ఆనించి కూర్చున్నాడు. పళ్లెం నడుం దాకా వచ్చేసరికి నా చెవిలో మేకను కోసినంత కేక. నేను బావ నడుం వంక చూశాను. వేలంత లావు వెండి మొలతాడు. దానికి తేలు కుట్టకుండా వాళ్లమ్మ కట్టిన వెండి తాయెత్తు.

"బావా, నిధి నీ మొలలో ఉండాది" అన్నాను మెల్లగా.

ఆయన తెల్లబోయాడు. గడియారం వస్తువు, తాళంచెవి వస్తువు. మొలతాడును ఎవరైనా వస్తువనుకుంటారా? పుట్టిన పదకొండో రోజు నుంచి అది ఒంట్లో భాగం. ఆయన మళ్లీ నీళ్లలో దిగి, కొక్కెం విప్పి మొలతాడు నాకు అందించాడు. నేను దాన్ని గట్టు పక్క జిల్లేడు కొమ్మకు తగిలించాను.

అది నా తప్పే. భార్య పోయినప్పుడు తప్ప మగవాడి మొలతాడు తీయకూడదని నాకూ తెలుసు. కొబ్బరిచెట్టు వెనక కృష్ణమ్మ ఆ కొమ్మను చూసి నేలమీద కూలబడింది.

"ఏమ్మే ఇంద్రాణీ" అంది కూతురి చేయి తడుముతూ, "నువ్వు బతికే ఉండావు గదా. మరి ఆయప్ప మొలతాడు ఎవురి కోసం తీసినాడే?"

గట్టుమీద అందరూ గుసగుసలు మొదలుపెట్టారు. రెండో పెళ్లి చూసుకున్నాడని ఒకరు, నిధికి భార్యను బలిస్తానని మొక్కుకున్నాడని ఒకరు. అరుణాచలం మీసం మళ్లీ దిగిపోయింది. బయటికి వచ్చి బదులు చెప్పమన్నాడు, లేకుంటే ఆవణికే కాదు, ఏ నెలకూ కూతుర్ని పంపనన్నాడు. బావ బయటికి రాలేదు. రాలేడు. గోచిని పట్టి ఉంచేది మొలతాడే గదా. అది లేకపోయేసరికి గోచి ఊడి, బావికి అవతలి వైపు తెల్ల కొంగలా తేలుతోంది. బావ మెడదాకా నీళ్లలో నిలబడి, యంత్రం అంటే ఏమిటో, వెండికీ దానికీ ఉన్న పగ ఏమిటో అరగంట సేపు మామకు పాఠం చెప్పాడు. అరుణాచలం వినలేదు. బయటికి రా అనడం మానలేదు.

చివరికి ఇంద్రాణే కదిలింది. పసుపు ముద్ద, నూలు దారం తెప్పించి, అమ్మ ముందు పెట్టి, ముందు ఇది కట్టుకుంటే అది తీసినట్టు కాదు గదా అని అడిగింది. కృష్ణమ్మ చాలాసేపు కొమ్మకేసి చూసి, దారం పేని, పసుపు రాసి ఇచ్చింది. మిగిలిన ముక్కను చేతికి చుట్టుకుంది. నేను ఆ దారాన్నీ గోచినీ బావకు అందించి, మర్యాదగా ఆకాశం వైపు చూశాను.

దారం కట్టుకొని బావ కర్ర పట్టగానే చెవిలో నిశ్శబ్దం. ముందు తూర్పు మూల కీచుమంటే మునిగి ఒక పాతాళగరిగె తీశాడు. అది పక్కింటి గోవిందస్వామి వాళ్లది. ఇలాంటివి ఎరువిస్తే మా ఊళ్లల్లో పూచీగా ఒక పాత్ర పెట్టించుకుంటారు. గరిగె బావిలో పడి పన్నెండేళ్లుగా కృష్ణమ్మ ఇత్తడి గుండిగ వాళ్లింట్లోనే ఉండిపోయింది. గోవిందస్వామి గరిగె చూసి సంతోషించలేదు.

తరువాత మెట్ల కింద, సన్నగా, దోమ గీ పెట్టినంత చప్పుడు. నేను గుర్తుగా కర్రకు కట్టిన తాడు లాగాను. బావ మునిగాడు, లేచాడు, మళ్లీ మునిగాడు. మూడోసారి లేచినప్పుడు పిడికిట్లో బురద, బురదలో పచ్చరాయి. ఆనందంలో ఒళ్లు మరిచి చేయి పైకెత్తాడు.

"పుదయల్, నిధి" అంటూ అరుణాచలం వంగి దాన్ని లాక్కున్నాడు. "నా బావిలో దొరికింది నాది. చూడు కృష్ణమ్మా, పాళెగాడి ఉంగరం."

కృష్ణమ్మ చెట్టు వెనక నుంచే చేయి చాచి తీసుకుంది. కొంగుతో తుడిచింది. "ఇది మా నాయనది" అంది.

"మీ నాయన పాళెగాడా?" అన్నాడాయన.

ఎవరూ నవ్వలేదు. అందరి కళ్లూ బావ కుడిచేతి వైపు తిరిగాయి. ఆయన ఆ చేతిని మెల్లగా నీళ్లలోకి దించుకున్నాడు. ఇంద్రాణి తల వంచుకుంది. కృష్ణమ్మ ఉంగరాన్ని తన వేలికి పెట్టి, అటూ ఇటూ తిప్పి చూసింది. అది గిరగిరా తిరిగింది.

"మా నాయన చేతి ఏళ్లు అరటికాయలు" అంది మొగుడితో. "పెండ్లినాడే చూస్తిని, అల్లుడుగారికి వదులుగా ఉండాదని. దారం చుట్టియ్యాల్సిందాన్ని మరిచిపోతిని. తప్పు నాది. ఆవణికి పిల్లను పంపాల."

చేతికి చుట్టుకున్న పసుపు దారం తీసి ఉంగరానికి బిర్రుగా చుట్టి, ఇంద్రాణి చేత బావకు ఇప్పించింది. ఆవణి ఒకటిన అరుణాచలం కూతురి చేయి ఆ చేతిలో పెట్టాడు గానీ ఆయన మనసంతా బావిలోనే ఉంది. ఆ వారమే ఇంజను పెట్టి బావి మొత్తం తోడించాడు. వేరుశెనగ మునిగింది, పాళెగాడు దొరకలేదు.

ఈమధ్య ఇదంతా బావకు చదివి వినిపించాను. వాలుకుర్చీలో కళ్లు మూసుకొని చివరిదాకా విన్నాడు. ఇంద్రాణక్క వక్కలు కత్తిరిస్తూ విన్నది. ఏమంటావు బావా అన్నాను.

"నాకు ఈత రాదు" అన్నాడు బావ. "తిరుత్తణి బావిలో నేను కాలు పెట్టిందిల్యా. అట్లాంటి మిషను కండ్లతో చూసిందిల్యా. మా మామకు బావి అనేదే ల్యా, ఏతాముతో ఏటి నీళ్లు తోడుకునేటోడు. ఇంక ఇది చదివిన ఈయప్ప ఎవురో నాకు తెలీదు."