దాపటి పెడల్

మా తోడికోడలంటే నాకు పడేది కాదు. ఈ మాట రాయడానికి నాకేం మొహమాటం లేదు. ఆ రోజుల్లో కూడా దాచుకున్నది లేదు, నా మొహమే చెప్పేసేది. ఆమె ధర్మవరం పిల్ల. పుట్టింట్లో మగ్గాలున్నాయి, పెట్టెలో పట్టుచీరలున్నాయి. నేను నల్లమాడ పక్క మెట్టసేద్యం చేసుకునే ఇంటి నుంచి వచ్చినదాన్ని. పండగపూట ఆమె జానెడు అంచు చీర కట్టుకుని వంటింట్లోకి వస్తే, మంట పొయ్యిలో ఎక్కువగా ఉందో నా కడుపులో ఎక్కువగా ఉందో తెలిసేది కాదు.

అయినా చీరల కోసమే ఏడ్చే రకాన్ని కాదు నేను. అసలు మంట వేరే. ఆమె మొగుడికి రెండు కాళ్ళూ బాగున్నాయి.

మా ఊరు పరిగి దగ్గర. నా పెళ్ళయిన కొత్తలోనే, వేరుశనగ మూటలతో హిందూపురం పోతున్న ఎద్దులబండి తిరగబడి మా ఆయన ఎడమ మోకాలు నలిగింది. పెనుకొండ దగ్గర ఎముకలకు కట్టు కట్టే ఒకాయన దగ్గరికి మంచం మీద మోసుకుపోయారు. ఎముక అతుక్కుంది. మోకాలు మాత్రం వంగడం మానేసింది. కూర్చున్నా లేచినా ఆ కాలు అట్లా కర్రలా ముందుకు చాచుకునే ఉండేది. అంతకుముందు పెద్దకొడుకు లేనిదే మా మామ చేలో మడక, అదే నాగలి, కదిలేది కాదు. తర్వాత మడక మా మరిది చేతికి పోయింది, అంటే మా ఆయన తమ్ముడికి, ఈ ధర్మవరం ఆమె మొగుడికి. మా ఆయనను కళ్ళం దగ్గర కూర్చోబెట్టి కాకుల్ని తోలమన్నారు. బండెడు పని చేసిన మనిషి పొద్దస్తమానం ఒక గెడ పట్టుకుని కాకుల్ని అదిలిస్తూ కూర్చుంటే చూసే పెళ్ళానికి ఎట్లా ఉంటుందో మీరే చెప్పండి. నేను అన్నం తీసుకుపోతే, నా వైపు చూడకుండా తినేవాడు.

అరవైల్లో ఒక ఏడు పంట బాగా పండింది. మా మామ అరుగు మీద కూర్చుని, ఇంటిల్లిపాదీ వినేటట్టు చెప్పాడు.

"ఎద్దుల్ని మేపలేక సస్తాండాం. ఒక చిన్న ట్రాక్టరు తెస్తా. ఎవుని కాలు దాని మీద బాగా ఆడితే వాడే దాన్ని తోలేది, వాడిదే ఇంక సేద్యం."

తోడికోడలు వంటింట్లో నా వైపు తిరిగి, "మా ఆయన సైకిల్ తొక్కుతాడు గదక్కా, ఇదీ అంతే" అంది. అంతే! సైకిల్‌కీ ట్రాక్టరుకీ చుట్టరికం కలిపేసింది మహాతల్లి. ఆ రోజు చారులో ఉప్పు ఎక్కువైంది. నేనే వేశాను.

చూడాల్సిన బండ్లు రెండు, చూసేది మామా ఆయన కొడుకులిద్దరూ. ఒకటి హిందూపురంలో ఒక అంగట్లో ఉన్న కొత్తది. రెండోది ధర్మవరం దగ్గర ఒక రైతు వాడి అమ్మకానికి పెట్టినది. ధర్మవరం అనేసరికి తోడికోడలు పుట్టింటికి పోతానని బయలుదేరింది. ఆమె పోతే నేనెందుకు ఉంటాను? హిందూపురం సంతలో చింతపండు తీసుకోవాలని నేనూ బయలుదేరాను. చింతపండు ఇంట్లో కుండనిండా ఉంది.

హిందూపురం బండి ఎర్రగా నిగనిగలాడుతూ ఉంది. అంగడి మనిషి దానికున్న పెడళ్ళు చూపించాడు. ఎడమ కాలికి క్లచ్, కుడి కాలికి పక్కపక్కనే రెండు బ్రేకులు.

"బ్రేకులు రెండెందుకప్పా?" అన్నాడు మామ.

"ఏ పక్కకు తిరగాలంటే ఆ పక్క చక్రాన్ని ఆపాల సామీ. ఎడమకు తిరగాలంటే ఎడమది తొక్కేది, కుడికైతే కుడిది. రోడ్డు మీద పోయేటప్పుడు ఈ కొండీ వేస్తే రెండూ ఒక్కటైతాయి."

మా మామ మొహం వెలిగింది. కాడికి ఎడమ పక్క కట్టేది దాపటెద్దు, కుడి పక్క కట్టేది ఎలపటెద్దు. చేను చివర ఎడమకు తిప్పాలంటే దాపటెద్దును నిలేసి ఎలపటెద్దును చుట్టూ నడిపిస్తారు. ట్రాక్టరు చేసినవాడికి కూడా ఆ సంగతి తెలుసని ఆయనకు ఒకటే సంబరం. అంతలోనే మొహం చిట్లించాడు.

"మల్ల రెండు పగ్గాలూ ఒక్క పక్కనే కట్టినారేందప్పా? దాపటెద్దు పగ్గం తీసుకపోయి ఎలపటి పక్క కడతారా యాడన్నా? ఎద్దుల్ని ఎరగనోడు చేసినట్టుండాది ఇది."

మరిది నవ్వాపుకుంటూ చెప్పాడు. "అట్ల కాదు నాయనా. ఎడమ కాలు క్లచ్ మీద ఉంటాది గదా. బ్రేకులు రెండూ కుడి పక్క ఉంటేనే ఏ కాలి పని ఆ కాలు చేసుకుంటాది."

అతను చెప్పింది న్యాయమే. న్యాయంగా ఉండబట్టే నాకు ఒళ్ళు మండింది.

తర్వాత మా ఆయన ఎక్కాడు. ఆ బండికి క్లచ్ పెడల్ నిలువుగా ఉంటుంది. మోకాలు దగ్గరికి లాక్కుని, పాదంతో ముందుకు నెట్టాలి. ఆయన కాలు ముందే చాచుకుని ఉంది, ఇంకెక్కడికి నెడతాడు? నడుము జరిపాడు, సీటు అంచుకు వచ్చాడు, చేత్తో తొడ పట్టుకుని ఎత్తాడు. పెడల్ కదల్లేదు. చెమట కారుతుంటే చేత్తో తుడుచుకుని దిగేశాడు. నా పక్కన తోడికోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వే ఆడదాన్ని నమ్మరాదంటారు. నవ్వు దాచుకునేదాన్ని అసలే నమ్మరాదు. చింతపండు గంప అక్కడే ఆమె నెత్తిన కుమ్మరించాలనిపించింది.

మధ్యాహ్నం రైలెక్కాం. మామ కిటికీ దగ్గర కూర్చుని ఆలోచనలో పడ్డాడు. కోడళ్ళు మామతో ఎదురుగా మాట్లాడే రోజులు కావవి. ఏమైనా చెప్పాలంటే ఇంకొకరి మీద పెట్టి చెప్పేవాళ్ళం. రైలు పెనుకొండలో ఆగి చప్పుడు తగ్గగానే, నేను తోడికోడలి వైపు తిరిగి గొంతు పెంచాను.

"ఏమమ్మా, మీ ధర్మవరం బండికి దాపటి బ్రేకు దాపటి పక్కనే ఉంటాదంట గదా? ఎద్దుల్ని ఎరిగినోళ్ళు చేసింటారు."

ఉంటుందో లేదో నాకేం తెలుసు? హిందూపురం అంగడి మనిషి మాటల మధ్య, పాత చిన్న బండ్లకు బ్రేకులు చెరొక పక్కనా ఉంటాయని అనడం విన్నాను, అంతే. పుట్టింటి ఊరి బండిని పొగిడితే ఆమె కాదంటుందా? "అవునక్కా, మా ఊర్లో వస్తువంటే వస్తువే" అంది. మామ తల ఊపాడు. మరిది మాత్రం నా వైపు ఒకసారి చూసి, పెనుకొండ కొండ వైపు తిరిగాడు. అతనికి అర్థమైంది. అయితే అయింది.

నా అదృష్టం, ధర్మవరం బండి నిజంగానే అట్లా ఉంది. పొట్టిగా, బూడిద రంగులో, పెయింటు రేగిపోయి ఉంది. కుడి బ్రేకు కుడి పక్క, ఎడమ బ్రేకు ఎడమ పక్క. పెడళ్ళు కింద పలకల్లా ఉన్నాయి. ముందుకు నెట్టే పని లేదు, పై నుంచి బరువు వేస్తే దిగిపోతాయి. ఒకటే తిరకాసు. ఎడమ పక్కనే క్లచ్ కూడా ఉంది. అంటే కుడికి తిరిగేటప్పుడు ఎడమ కాలు క్లచ్ మీద, కుడి కాలు బ్రేకు మీద, ఏ చిక్కూ లేదు. ఎడమకు తిరగాలంటే మాత్రం క్లచ్ తొక్కి వేగం తగ్గించాల్సిందీ ఎడమ కాలే, బ్రేకు తొక్కాల్సిందీ ఎడమ కాలే. ఆ కాలు చేపపిల్లలా ఇటూ అటూ ఆడాలి.

బీడు చేలో మరిది ముందు ఎక్కాడు. అత్తగారి ఊరని బూట్లు వేసుకుని వచ్చాడు దొరబాబు. ఎడమకు తిప్పబోయాడు, పలక మీద బూటు జారింది, బండి ఎగిరిపడి ఆగిపోయింది. "పెడళ్ళు అరిగిపోయినాయి నాయనా, నున్నగా ఉండాయి" అన్నాడు. ఆడలేనమ్మ మద్దెల ఓడందట. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు, బాహాటంగానే నవ్వాను.

మా ఆయన చెప్పులు విడిచి ఎక్కాడు.  ఈ బండి కూడా మాట వినకపోతే ఇంక కాకులే గతి. ఆయన సీటు మీంచి సగం లేచి, ఒంటి బరువంతా ఆ కర్రకాలి మీద వేశాడు. క్లచ్ కిందికి దిగింది. గేరు పడింది. బండి కదిలింది. చేను చివర కుడి బ్రేకు తొక్కి ఎంత చక్కగా తిప్పాడంటే, నాకు అరవాలనిపించింది.

"ఇప్పుడు ఎడమకు తిప్పురా" అన్నాడు మామ.

మా ఆయన బండి ఆపాడు. ఎడమ కాలు వైపు చూసుకున్నాడు. తర్వాత తండ్రి వైపు చూశాడు.

"ఎడమకు నాకు పనిల్యా నాయనా. ప్రదక్షిణంగానే దున్నుతా. అప్రదక్షిణం ఎవురన్నా తిరుగుతారా?"

మామ పకపకా నవ్వాడు. ఎద్దులబండి తిరగబడిన నాటి నుంచీ పెద్దకొడుకు మాటకు ఆయన నవ్వగా నేను చూడలేదు. "ఇదే తోలుకపోదాం" అన్నాడు. ఆ పూట తోడికోడలి పుట్టింట్లో నేను రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాను. ఆమె ముద్ద మింగలేకపోయింది.

అయితే అంతటితో నా ఏడుపు తీరిందనుకున్నారా? బండి ఇంటికొచ్చిన రోజు, హారతి ఎత్తమని మామ ఎవరిని పిలిచాడు? చిన్నకోడల్ని. ఆమె ఊరి బండి కదా! పట్టుచీర కట్టుకుని, పళ్ళెం తిప్పి, చక్రానికి కుంకుమ పెట్టి, మా ఆయన తోలే బండికి తనే పేరంటాలై నిలబడింది. నేను నిమ్మకాయలు అందిస్తూ పళ్ళు కొరుక్కున్నాను.

అదే రోజు దున్నకం మొదలుపెట్టారు. పెద్ద చేలో మా ఆయన కుడి చుట్లు వేసుకుంటూ దున్నాడు, ఊరంతా గట్టు మీద చేరింది. అది అయ్యాక మామ వంక చేను దున్నమన్నాడు.  ఆ చేను సన్నగా, పొడుగ్గా ఉంటుంది. పైకి పోయేటప్పుడు కుడి పక్క అంతా వాగులాంటి లోతైన వంక. పై గట్టు దగ్గర తిప్పుకోవాలంటే ఎడమ పక్కకు తప్ప చోటు లేదు. కుడికి తిప్పితే బండీ మనిషీ వంకలో ఉంటారు. ఎద్దులతో దున్నినన్నాళ్ళూ ఆ మలుపులో దాపటెద్దును పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాల్సిందే.

మా ఆయన పై దాకా పోయాడు. మలుపు దగ్గర బండి ఆపాడు. గట్టు మీద గుసగుసలు లేచాయి. మరిది పంచె ఎగ్గట్టి అప్పుడే చేలోకి దిగాడు. తోడికోడలు హారతి పళ్ళెం చేతిలో పట్టుకునే ఉంది, దీపం లేకపోయినా ఆమె మొహం వెలుగుతోంది. అయిపోయింది, ఇంక బండి వాళ్ళదే, మా ఆయన మళ్ళీ గెడ పట్టుకోవాల్సిందే అనుకున్నాను. 

"నువ్వు కాదురా" అని తమ్ముడితో కేకేశాడు మా ఆయన. "మీ వదినను రమ్మను."

నాకు వినబడింది, అర్థం కాలేదు. ఆయనే మళ్ళీ చెయ్యెత్తి పిలిచాడు. "రామ్మే! నేను క్లచ్ ఇడిసిపెట్టలేను. నువ్వు ఎక్కి ఆ దాపటి పెడల్ తొక్కు."

ఊరంతా ఉంది. మామ ఉన్నాడు. ఆడది బండెక్కడమేమిటి? నేను కదలకుండా నిలబడ్డాను. మామ నా వైపు చూడలేదు. వంక అవతలికి చూస్తూ, ఎవరితోనూ కాదన్నట్టు అన్నాడు. "దాపటెద్దు ల్యాకుండా మడక యాడ సాగుతాది?"

ఆ మాటతో పరుగెత్తాను. ఎడమ మడ్‌గార్డు మీద కూర్చుని కాలు చాచి, వట్టికాలు పెడల్ మీద పెట్టాను. ఇనుము చుర్రుమంది. "ఇప్పుడు" అన్నాడాయన. నా బలమంతా పెట్టి తొక్కాను. మా కింద ఎడమ చక్రం ఆగింది, బండి నా చుట్టూ తిరిగినట్టు తిరిగింది. వంక వెనక్కి పోయింది. మా ఆయన నా మొహంలోకి చూశాడు. కళ్ళంలో కూర్చున్నన్నాళ్ళూ చూడని మనిషి, ఊరందరి ముందూ చూశాడు.

గట్టు దాటేటప్పుడు తోడికోడలు కనబడింది. నా చీర కుచ్చిళ్ళకు అంటిన గ్రీజు మరక వైపు చూస్తోంది. ఆ చూపు నాకు కొత్త కాదు. ఆమె పెట్టెలోంచి పట్టుచీర తీసినప్పుడల్లా నేను చూసే చూపే అది.

తర్వాత చాలా ఏళ్ళు వంక చేను మేమిద్దరమే దున్నాం. ఒకసారి బావి దగ్గర బిందెలు తోముకుంటూ, నేను ఆ చీరను సబ్బు పెట్టి రుద్దుతుంటే, "అది పోదులేక్కా" అంది తోడికోడలు.

"నీకేమమ్మా, నీకు మరకలంటే ఏం తెలుసు" అన్నాను, ఎత్తిపొడుస్తూ.

ఆమె తోమిన బిందెను గట్టు మీద బోర్లించింది.

"మా ఆయనకు రెండు కాళ్ళూ బాగుండాయి గదక్కా," అంది. "నన్నెందుకు పిలుస్తాడు?"