తల ఉత్తరానికి

మూడో నెలలో మా మనవడి తల కుడిపక్క చదునుగా తయారైంది. ఏలూరు డాక్టరుగారు చూసి, ఎప్పుడూ అటే తిరిగి పడుకోవడం వల్లనని, ఎడమకు అలవాటు చేయమని, నెలలో మార్పు రాకపోతే తల ఆకారం సరిచేసే హెల్మెట్ పెట్టాల్సి వస్తుందని చెప్పారు. పురిటికి మా ఊరు పెదపాడు వచ్చి ఉన్న మా అమ్మాయి, ఆటోలో ఇల్లు చేరేదాకా వాడి తల ఎడమకు తిప్పి పట్టుకునే కూర్చుంది.

వాడు నన్ను చూడటానికే కుడివైపు తిరుగుతున్నాడని నా అభిప్రాయం. నా పడకకుర్చీ ఆ పక్కనే ఉండేది. దాన్ని ఎడమపక్కకు మార్చుకుని కూర్చున్నాను. వాడు కుడివైపే చూస్తున్నాడు.

"మిమ్మల్ని కాదండీ, ఏరేటర్ని" అంది మా ఆవిడ. ఆ పక్క కిటికీలోంచి చేపల చెరువు, అందులో నీళ్లు చిమ్ముతూ తిరిగే చక్రాలు కనిపిస్తాయి.

చెరువును జరపలేం కనుక పిల్లవాణ్ణే తల అటు, కాళ్లు ఇటు మార్చి పడుకోబెడితే చెరువు ఎడమకు వస్తుందన్నాను.

"తల ఉత్తరానికి వస్తుందండీ."

"హెల్మెట్ కంటే ఉత్తరం నయం కాదా అమ్మా?" అంది అమ్మాయి.

మా ఆవిడ మధ్యేమార్గం కనిపెట్టింది. "నిద్రపోయేటప్పుడే కదే ఉత్తరం పనికిరానిది. మెలకువగా ఉన్నంతసేపూ ఉంచు. కళ్లు మూయగానే తిప్పేద్దాం."

అలా వాడికి మెలకువకు ఒక దిక్కు, నిద్రకు ఒక దిక్కు ఏర్పాటయ్యాయి. చక్రాల కోసం మెడ ఎడమకు తిప్పడం నేర్చుకున్నాడు. కొన్నాళ్లకు నిద్రలోనూ ఎడమకే తిప్పసాగాడు.

నెల తరవాత డాక్టరుగారు తల తడిమి చూసి హెల్మెట్ అక్కర్లేదన్నారు. ఏ వ్యాయామం చేయించారని అడిగారు. మా ఆవిడ నా వైపు చూసింది.

"చెరువు చూపించామండీ" అన్నాను.