ఓబుళప్ప తలకిందుల గొట్టం

పెనుకొండలో పక్షులన్నీ మామూలుగానే ఎగురుతాయి, ఒక్క ఓబుళప్పకు తప్ప. ఆయన చూసే కాకి కాళ్లు ఆకాశంలోకి చాపి, వీపు కింద పెట్టి పోతుంది. ఆయన లెక్కలో ఊళ్లో ఉన్నవన్నీ గబ్బిలాలే.

లైన్‌మన్‌గా రిటైరైన మరునాడే, శనిగ్రహం చుట్టూ ఉండే వలయాలు చూడాలని చుక్కలు చూసే టెలిస్కోపు తెప్పించాడు. వచ్చిన చిక్కల్లా ఒకటే. చుక్కలు పొడిచే వేళకు ఓబుళప్ప గురక పెడుతుంటాడు. సరే, పగలు పక్షుల్ని చూద్దామనుకున్నాడు. ఆ గొట్టమేమో దేన్నయినా తలకిందులు చేసి, కుడిఎడమలు మార్చి చూపిస్తుంది. చుక్కకు తలేది, కాళ్లేవి? పక్షికి ఉన్నాయి కదా, అక్కడ వచ్చింది తంటా.

"ఏమయ్యా, ఏం చూస్తాండావు?" అని అడిగింది భార్య యల్లక్క ఒకరోజు, మిద్దె మీద వడియాలు ఎండబెడుతూ.

"గద్ద దిగుతాండాది."

యల్లక్క తలెత్తింది. గద్ద పైకి ఎగబాకుతోంది.

"పైకి పోతాండాది గదయ్యా!"

"నీ కంటికి," అన్నాడు ఓబుళప్ప గొట్టం వదలకుండా.

"శని ఆకాశంలో లేదు, మా మిద్దె మీదే ఉండాది," అని యల్లక్క వీధిలో అందరికీ చెప్పుకునేది.

రానురాను గొట్టం లేకపోయినా ఆయనకు కుడి ఎడమైంది. చింతపండు కోసం హిందూపురం పోవాల్సిన కుళ్లాయప్పకు చెయ్యి చూపించి బస్సెక్కించాడు. ఆ బస్సు ధర్మవరంలో దించింది. ఉత్త చేతులతో రావడమెందుకని కుళ్లాయప్ప పెళ్లానికి పట్టుచీర తెచ్చాడు. ఆమె పెళ్లయినాక కట్టిన మొదటి పట్టుచీర అదే. ఈరోజుకీ ఓబుళప్ప ఎదురుపడితే దండం పెడుతుంది.

ఈ పరువు తక్కువ పడలేక, బెంగళూరులో ఉద్యోగం చేసే కూతురు అశ్విని, గొట్టంలో బొమ్మను నిటారుగా చూపించే గాజుబిళ్ల ఒకటి పంపింది. దాన్ని గొట్టానికి తగిలిస్తే చాలు. "యాడో పడిపోయినాదే," అన్నాడు ఓబుళప్ప. వారం తిరక్కుండానే అది ఆయన గడ్డం గీసుకునే డబ్బాలో యల్లక్కకు దొరికింది.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. సరిగ్గా చూసే దారి ఉండి కూడా కావాలని తలకిందులుగా చూస్తున్నాడా! హిందూపురంలో బడిపంతులుగా ఉన్న తమ్ముడు బాలాజికి ఫోన్ చేసింది.

"ఈ పొద్దే వచ్చి ఈ గొట్టాన్ని మీ బడికి ఎత్తకపో."

ఓబుళప్ప ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "ఆ పిల్ల ఎగిరిందాకా అన్నా ఉండనీవే," అన్నాడు.

"ఏ పిల్ల?"

ఓబుళప్ప గొట్టం భుజానికెత్తుకుని మెట్లు దిగాడు. యల్లక్క వెనకాలే నడిచింది. ఆయన పక్కింటి వాకిట్లోకి దూరాడు. అది బుడన్‌బీ ఇల్లు. ఆమె వానకు జారిపడి, నడుం కదిలించకూడదన్న డాక్టరు మాటకు నెలల తరబడి మంచం మీద వెల్లకిలా పడి ఉంది. ఓబుళప్ప ఆమె తలాపున, కిటికీ దగ్గర గొట్టం నిలబెట్టాడు. ఆమె తల వెనక్కి వాల్చి అందులోకి చూసింది.

"ఉండాదా అక్కా?"

"ఉండాదప్పా! సెల్ టవర్ మీద గూట్లోనే ఉండాది. గద్దపిల్ల రెక్కలాడిస్తాండాది."

"తలకిందులుగా కనపడ్లేదా నీకు?" అంది యల్లక్క వాకిలి దగ్గర నుంచే.

"నా తలే తలకిందులుగా ఉండాది గదమ్మా! ఈ గొట్టంలో పక్షి నాకు నిటారుగా నిలబడ్తాది. ఆ బిళ్ల పెడ్తే నాకు తిరగబడ్తాది."

యల్లక్క మొగుడి వైపు తిరిగింది. "ఈ మాట నాకు చెప్పకూడదా?"

"చెప్తే నువ్వు వీధంతా చెప్తావు. అందరూ వచ్చి ఎగబడితే అక్కకు వంతు యాడొస్తాది?"

యల్లక్కకు నవ్వొచ్చింది. చాప పరుచుకుని మంచం పక్కనే వెల్లకిలా పడుకుంది.

బాలాజి వచ్చేసరికి ఇద్దరాడవాళ్లు తలలు వెనక్కి వాల్చి వంతులేసుకుంటున్నారు.

"అక్కా, గొట్టం ఎత్తకపోదామని..."

"నువ్వూ పండుకో ముందు!"

అంతలో బుడన్‌బీ కేక పెట్టింది. "ఎగిరె! పైకి పోయె!"

"దిగుతాండాది," అన్నాడు ఓబుళప్ప, అలవాటు కొద్దీ, ఉత్త కళ్లతో చూస్తూ. ఈసారి ఎవరూ తప్పు దిద్దలేదు.

గొట్టం బుడన్‌బీ తలాపునే ఉండిపోయింది. ఉత్త చేతులతో తిరిగి పోతున్న బావమరిదిని ఓబుళప్పే స్వయంగా తోడుపోయి బస్సెక్కించి వచ్చాడు. పొద్దుగూకే వేళకు యల్లక్క ఫోన్ మోగింది.

"అక్కా, ధర్మవరంలో దిగినా," అన్నాడు బాలాజి నీరసంగా. "నీకు ఏ రంగు చీర తెచ్చేది?"